కోపం వచ్చింది అని రాయను

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఇంటి పనులు పక్కన పెట్టి ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. నన్ను పిల్లల పెంపకం గురించి మాట్లాడమన్నారు. నేను సైకాలజీ చదివినవాణ్ణి కాదు, టీచర్నీ కాదు. ఖమ్మం జిల్లాలో ఒక 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్‌ని. నాకు ఇద్దరు పిల్లలు, పాప పదో తరగతి, బాబు ఆరో తరగతి. రెండేళ్ళుగా రోజూ రాత్రి ఒక నోట్‌బుక్కులో మూడు నాలుగు లైన్లు రాసుకుంటున్నాను. ఆ లైన్ల గురించే చెప్తాను, వేరే ఏదీ చెప్పే అర్హత నాకు లేదు.

మా ఉద్యోగంలో ముఖ్యమైన పని రాయడం. చాలామందికి తెలియదు. సబ్‌స్టేషన్ అంటే పెద్ద పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లూ బ్రేకర్లూ అనుకుంటారు, అవి ఉంటాయి, కానీ వాటి పక్కన ఒక గదిలో ఒక బల్ల, బల్ల మీద లాగ్ షీటు ఉంటుంది. గంట గంటకీ దాంట్లో రీడింగులు ఎక్కించాలి. వోల్టేజ్ ఎంత, ఏ ఫీడర్ మీద, అంటే ఊళ్ళకు కరెంట్ తీసుకెళ్ళే ఏ లైను మీద, ఎన్ని ఆంప్స్ లోడు, ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ టెంపరేచర్ ఎంత, బ్యాటరీ ఎలా ఉంది. ఏదైనా ఫీడర్ ట్రిప్ అయితే, అంటే తేడా వచ్చి దానంతటదే ఆగిపోతే, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు అయింది, ఆ తేడాను పసిగట్టే ఏ రిలే పనిచేసింది, ఓవర్ కరెంటా, ఎర్త్ ఫాల్టా, మళ్ళీ ఎన్నింటికి ఛార్జ్ చేశాం, అంటే కరెంట్ ఇచ్చాం, నిలబడిందా లేదా. అంతే. అక్కడ తిట్లు రాయం, సాకులు రాయం. 'పాపం వాన పడింది కాబట్టి' అని ఎవడూ రాయడు. జరిగింది, టైము, కారణం, సరిచేసింది. పదిహేనేళ్ళు ఆ పని చేశాను నేను, ఇంటికొచ్చాక ఇంట్లో ఏం ట్రిప్ అయిందో మాత్రం ఒక్కనాడూ చూసుకోలేదు.

రెండేళ్ళ కింద, జూన్ నెల. బడులు తెరిచి వారం పైన అయింది. ముందు రోజు రాత్రి పెద్ద గాలివాన. కొమ్మలు విరిగి తీగల మీద పడటం, ఇన్సులేటర్లు పగలడం, ఒక ఫీడర్ ఎత్తితే ఇంకోటి పడటం, ఊళ్ళ నుంచి ఆగకుండా ఫోన్లు, కరెంట్ ఎప్పుడొస్తుంది, ఎప్పుడొస్తుంది అని. తెల్లారి ఇంటికొచ్చి రెండు గంటలు కునుకు తీశాను, తర్వాత బ్యాంకు పని, తర్వాత చిట్టీ డబ్బుల గొడవ. సాయంత్రం ఏడు దాటాక మా బాబును కూర్చోబెట్టి ఏడో ఎక్కం చెప్పమన్నాను. అప్పుడు వాడు నాలుగో తరగతి. ఏడు ఐదులు ముప్పై ఐదు దాకా బాగానే వచ్చాడు, ఏడు ఆర్లు దగ్గర ఆగాడు. మళ్ళీ మొదటి నుంచి చెప్పమన్నాను. మళ్ళీ అక్కడే ఆగాడు. మూడోసారి తడబడి చెయ్యి తగిలి గ్లాసులో నీళ్ళు నోట్‌బుక్కు మీద ఒలికాయి. చెంప మీద కొట్టాను. గట్టిగానే.

వాడు ఏడవలేదు. తడిసిన నోట్‌బుక్కు తీసుకెళ్ళి ఫ్యాన్ కింద ఆరబెట్టి, వాళ్ళ నాయనమ్మ పక్కన పడుకున్నాడు.

నేను ఇక్కడ నిలబడి మాట్లాడటానికి కారణం ఆ దెబ్బ కాదు, మర్నాడు పొద్దున జరిగింది. నేను స్నానానికి వెళ్తూ దండెం మీది టవల్ తీసుకుందామని చెయ్యెత్తాను. దండెం కింద కూర్చుని బూట్లు వేసుకుంటున్న మావాడు తల పక్కకు తిప్పి మోచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నేను ఎత్తింది టవల్ కోసమని తెలిశాక మోచెయ్యి దించి మళ్ళీ లేసు కట్టుకోసాగాడు, ఏమీ జరగనట్టే. వాడికి అది మామూలు విషయమైపోయింది. నాన్న చెయ్యి లేస్తే తల కాచుకోవాలి, అంతే, వానొస్తే గొడుగు తీసినట్టు.

మా నాన్న చాలా మంచి మనిషి. రెండెకరాల మిర్చి మీద అప్పు చేసి నన్ను ఐటీఐ చదివించాడు. ఆయన పోయి ఏడేళ్ళయింది. ఇప్పటికీ ఆయన్ని తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది ఆయన చేసిన అప్పు కాదు, ఆయన ఎత్తిన చెయ్యి. మనసు ఆయన్ని ఎప్పుడో క్షమించింది, ఒంటికి మాత్రం ఆ సంగతి ఇంకా అందలేదు. నా కొడుకు ఒంట్లో కూడా నేను అదే దాచిపెడుతున్నానని ఆ దండెం కింద నాకు తెలిసింది.

ఆ రాత్రి డ్యూటీలో, రీడింగుకీ రీడింగుకీ మధ్య, ఒక పాత నోట్‌బుక్కు వెనక పేజీల్లో రాయడం మొదలుపెట్టాను. పెద్ద ఆలోచన ఏమీ లేదు, లోపల ఉన్నది కక్కేయాలనిపించింది. పదిహేను రోజులు రాశాను. పదహారో రోజు మొదటి నుంచి చదువుకున్నాను. చదివితే అది నా డైరీలా లేదు, నా ఇంట్లో వాళ్ళ మీద నేను రాసిన ఫిర్యాదుల పుస్తకంలా ఉంది. బాబు హోంవర్కు చేయలేదు. పాప ఫోన్ వదలదు. మా ఆవిడ పిల్లల్ని వెనకేసుకొస్తుంది. మా అమ్మ గారాబం చేసి చెడగొడుతోంది. నేను ఎక్కడున్నానా అని వెతుక్కుంటే రెండు మాటల్లోనే కనిపించాను. 'కోపం వచ్చింది.' 'అరవాల్సి వచ్చింది.'

ఇక్కడ కాసేపు ఆగుతాను, నేను చెప్పదలుచుకున్నదంతా ఈ రెండు మాటల్లోనే ఉంది.

మన మాటలు ఒకసారి గమనించండి. నాకు కోపం వచ్చింది అంటాం. జ్వరం వచ్చినట్టు, వాన వచ్చినట్టు, చుట్టం వచ్చినట్టు, మనం మన మానాన కూర్చుని ఉంటే అది ఎక్కడి నుంచో వచ్చింది. నోరు జారింది అంటాం, జారింది నోరు, మనం కాదు. మాట తూలింది. చెయ్యి లేచింది. చెయ్యి చేసుకోవాల్సి వచ్చింది. ఇంకా దారుణమైనది ఇంకొకటుంది, 'వాడికి రెండు పడ్డాయి'. ఎవరు వేస్తే పడ్డాయి? ఆ వాక్యంలో కొట్టినవాడే లేడు, దెబ్బలు చెట్టు మీంచి కాయలు పడ్డట్టు పడ్డాయి. తెలుగు నాకు ప్రాణం, దాన్ని తప్పు పట్టడం లేదు. కానీ ఇంట్లో మనం చేసిన పనుల్ని మన చేతికి అంటకుండా చెప్పుకోవడానికి మన భాషలో ఎన్ని దారులున్నాయో, ఆ దారులన్నీ నేను పదిహేను రోజుల్లో వాడేశాను.

దాంతో ఒక నియమం పెట్టుకున్నాను. ప్రతి వాక్యం 'నేను' అని మొదలుకావాలి. మామూలుగా తెలుగులో ఆ మాట అక్కర్లేదు, అరిచాను అంటే ఎవరో తెలిసిపోతుంది, అయినా సరే నేను అని రాయాలి, చివర నేను చేసిన పని ఉండాలి. వచ్చింది, పడింది, జారింది, లేచింది, ఇవి రాయకూడదు. పాత పేజీలు తీసి ఒక్కొక్కటే తిరగరాశాను. 'పాప ఎదురు మాట్లాడింది, అరవాల్సి వచ్చింది' అని ఒక రోజు ఉంది. దాన్ని మార్చి రాయడానికి పావుగంట పట్టింది. ఎందుకంటే, నేను అరిచాను అని రాస్తే ఎప్పుడు అరిచానో గుర్తు తెచ్చుకోవాలి కదా. గుర్తు తెచ్చుకుంటే చివరికి తేలిన వాక్యం ఇది: 'నేను పాప మాట పూర్తి కాకముందే అరిచాను.' అది ఎదురు మాట్లాడనే లేదు. ట్యూషన్ సార్ రాలేదని చెప్పబోయింది, నేను సగంలోనే ఆపాను. పదిహేను రోజులుగా ఆ పిల్ల ఎదురు మాట్లాడిందనే నేను నమ్ముతున్నాను, నోట్‌బుక్కులో కూడా అలాగే ఉంది కాబట్టి.

మంచి విషయాలకు కూడా ఇదే నియమం. ప్రేమ కూడా మన భాషలో 'వస్తుంది' మరి, వాడు నాకు ముద్దొచ్చాడు అంటాం. ముద్దొస్తే ఏం చేశావు? వాడి పక్కన కూర్చున్నావా, వాడు చెప్పే కబడ్డీ కబుర్లు పూర్తిగా విన్నావా? నేను విన్నాను అని రాయగలిగితేనే రాయాలి. మొదట్లో అలాంటి లైన్లు వారానికి ఒకటి దొరకడం కష్టమైంది. పిల్లలంటే నాకు ఎంత ప్రేమో అని లోపల ఎంత అనుకున్నా, రాయడానికి చేసిన పని ఉండాలి కదా.

తర్వాత లాగ్ షీటులో లాగే టైము వేయడం మొదలుపెట్టాను. నేను అరిచాను, 7:40. నేను పుస్తకం విసిరాను, 8:15. రెండు నెలలయ్యాక చూస్తే, చాలా మటుకు రాత్రి ఏడుకీ తొమ్మిదికీ మధ్యలోనే ఉన్నాయి. మా దగ్గర ఆ టైమును పీక్ అంటాం. ఊళ్ళో అందరూ ఒకేసారి లైట్లు, ఫ్యాన్లు, మిక్సీలు, టీవీలు వేస్తారు, లోడు పైకి పోతుంది, అంతకుముందు నుంచీ బలహీనంగా ఉన్న చోటు అప్పుడే తెగుతుంది. ఇల్లు కూడా అంతే. ఆ రెండు గంటల్లోనే వంట, హోంవర్కు, రేపటి యూనిఫాం, అమ్మ మందులు, బంధువుల ఫోన్లు, నా ఆకలి.

ఫీడర్ ట్రిప్ అయితే మేం మొదట రిలే చూస్తాం, దేనివల్ల కొట్టేసిందో అది చూపిస్తుంది. నా కోపానికి కూడా కారణం పక్కన రాయడం మొదలుపెట్టాను, నిజమైన కారణం. నైట్ డ్యూటీ దిగిన రోజు. మధ్యాహ్నం తినని రోజు. ఈఎంఐ కట్టాల్సిన అయిదో తారీఖు. మా పై ఆఫీసరు నలుగురిలో మందలించిన రోజు. బాబు ఎక్కం మరిచిపోవడం అనేది ఎప్పుడో ఒకటి రెండు చోట్ల తప్ప కారణాల వరసలోనే లేదు. కొమ్మ విరిగింది ఎక్కడో అయిదు కిలోమీటర్ల అవతల, చీకట్లో కూర్చున్నది ఇంకెవరో. నాకు తెలిసిన ఈ సంగతిని నా ఇంటి విషయంలో తెలుసుకోవడానికి ఇన్నేళ్ళు పట్టింది.

ఒకరోజు మా ఆవిడ మామూలుగా, ఏదో కూర తరుగుతూ అన్నది. 'మీరు గేటు తీసే చప్పుడుకే పిల్లలు టీవీ ఆపేస్తారు, చూశారా ఎప్పుడైనా' అని. నేను దాన్ని క్రమశిక్షణ అనుకున్నాను అన్నాళ్ళూ. ఆ రాత్రి రాసుకున్నాను: నేను గేటు తీశాను, ఇంట్లో నవ్వులు ఆగిపోయాయి.

ఏం మార్చాను అంటే, పెద్దవేమీ లేవు. ఇంటికి రాగానే ముందు తింటాను, ఉప్మా అయినా సరే, పెరుగన్నం అయినా సరే. బట్టలు మార్చుకునేదాకా చదువు మాట ఎత్తను. నైట్ డ్యూటీ దిగిన రోజు ఎక్కాలు, మార్కులు, ప్రోగ్రెస్ కార్డులు ముట్టుకోను, ఆ రోజు సంతకం పెట్టాల్సినవి మా ఆవిడ పెడుతుంది. ఆ చిన్న చిన్న వాటితోనే ఏడుకీ తొమ్మిదికీ మధ్య రాసే లైన్లు సగానికి పైగా తగ్గాయి. నా గుణం మారి తగ్గలేదు, లోడు తగ్గి తగ్గాయి. గుణం మార్చుకోవాలి, గొప్పవాణ్ణి కావాలి అని కూర్చుంటే నేను ఇంకా అక్కడే ఉండేవాణ్ణి.

ఇప్పుడు అసలు కష్టమైన దాని గురించి. లాగ్ షీటులో ట్రిప్ అయిన టైము పక్కన మళ్ళీ సప్లై ఇచ్చిన టైము ఉండాలి. ఆ గడి ఖాళీగా ఉందంటే ఊరు ఇంకా చీకట్లో ఉన్నట్టు. నా నోట్‌బుక్కులో ఆ గడి నెలల తరబడి ఖాళీ. నేను అరిచాను, 8:15. తర్వాత? తర్వాత ఏమీ లేదు. పొద్దున్నే చాక్లెట్ కొనిచ్చేవాణ్ణి, లేకపోతే బండి మీద ఒక రౌండు తిప్పేవాణ్ణి, వాడు నవ్వేవాడు, అయిపోయింది అనుకునేవాణ్ణి. మా నాన్నా అంతే, కొట్టిన మర్నాడు జామకాయలు తెచ్చేవాడు. నాకు ఇప్పటికీ జామకాయ తింటుంటే గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

అమెరికాలో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970లలో ఒక ప్రయోగం చేశాడు. తల్లి తన పసిబిడ్డతో మామూలుగా ఆడుకుంటుంది. తర్వాత కాసేపు ముఖంలో ఏ భావమూ లేకుండా బిడ్డనే చూస్తూ ఉండమంటారు. బిడ్డ నవ్వుతుంది, చేతులు చాపుతుంది, శబ్దాలు చేస్తుంది, తల్లి ముఖం కదలకపోతే చివరికి ముఖం తిప్పుకుంటుంది, ఏడుస్తుంది. అందరూ ఈ భాగమే చెప్తారు. నాకు నచ్చింది దాని తర్వాతది. తల్లి మళ్ళీ మామూలుగా అయి బిడ్డను దగ్గరికి తీసుకుంటుంది, ఇద్దరూ మళ్ళీ కలుస్తారు. ట్రానిక్ ఆ తర్వాత ఏళ్ళ తరబడి చూసి చెప్పింది ఏమిటంటే, ఎంత మంచి తల్లికైనా బిడ్డతో చాలాసేపు శ్రుతి కలవదట, కలవకపోవడం మామూలేనట, తెగిన ప్రతిసారీ మళ్ళీ కలుపుకుంటున్నారా లేదా అన్నదే బిడ్డకు బలమట. ఇది మొదటిసారి విన్నప్పుడు నాకు చాలా ధైర్యం కలిగింది. ట్రిప్ కాని ఫీడర్ ఈ దేశంలో లేదు. చూసుకోవాల్సింది ఎంతసేపట్లో ఎత్తాం అన్నదే.

అయితే ఎత్తడానికి కూడా పద్ధతి ఉంది. లైన్‌మన్ పని చేయడానికి లైన్ క్లియర్, అంటే ఆ లైనులో కరెంట్ ఆపి ఇచ్చే అనుమతి, తీసుకుంటే, అతను తిరిగొచ్చి మనుషులందరూ దిగారు, సామాన్లు తీశాం అని చెప్పి దాన్ని వాపసు చేసేదాకా మేం ఛార్జ్ చేయం. ఎంత పెద్దవాళ్ళు ఫోన్ చేసి తొందర పెట్టినా సరే, స్తంభం మీద మనిషి ఉన్నాడు. పిల్లల దగ్గర నేను చేసిన తప్పు ఇదే, నా కోపం చల్లారగానే వాళ్ళదీ చల్లారిందనుకుని వెళ్ళి నవ్వించబోయేవాణ్ణి. వాళ్ళు ఇంకా స్తంభం మీదే ఉండేవాళ్ళు. ఇప్పుడు వెళ్ళి పక్కన కూర్చుంటాను. మాట్లాడను. వాళ్ళు నా వైపు తిరిగేదాకా ఆగుతాను, ఒక్కోసారి అది మర్నాటి దాకా కూడా పడుతుంది.

తర్వాత సారీ చెప్తాను. నేను అరిచాను నాన్నా, తప్పు నాది, అని. అక్కడితో ఆపాలి. 'కానీ నువ్వు కూడా' అని మొదలుపెడితే అది సారీ కాదు, రెండో విడత తిట్లు. ఆ 'కానీ'ని మింగడం నేర్చుకోవడానికి నాకు నిజంగా ఏడాది పట్టింది. మొదటిసారి చెప్పినప్పుడు మా అమ్మ వంటింట్లోంచి విని తర్వాత నన్ను పిలిచి అన్నది, 'తండ్రి పిల్లల ముందు తగ్గితే రేపు వాళ్ళు మాట వినరురా' అని. అమ్మకు ఎదురు చెప్పలేదు. ఆమె కాలంలో ఆమె చూసింది అది. కానీ ఇప్పుడు మావాడు గ్లాసు పగలగొడితే వాడంతట వాడే వచ్చి 'నేను పగలగొట్టాను నాన్నా' అంటున్నాడు. పగిలింది అనడం లేదు. ఆ వాక్యం వాడు ఎక్కడ నేర్చుకున్నాడో నాకు తెలుసు, అమ్మకూ తెలిసింది, ఏమీ అనలేదు, పెంకులు ఏరింది.

గాంధీగారి చిన్నతనంలో జరిగిన సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పదిహేనేళ్ళ వయసులో అన్న చేతి కడియం నుంచి కాస్త బంగారం దొంగిలించారు. నోటితో చెప్పే ధైర్యం లేక ఒక చీటీ మీద రాసి, మంచం మీద ఉన్న తండ్రి చేతికిచ్చారు. తండ్రి లేచి కూర్చుని చదివాడు, కన్నీళ్ళతో చీటీ తడిసింది, ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు, చీటీ చించేశాడు, మళ్ళీ పడుకున్నాడు. అంతే. ఒక్క మాట అనలేదు. నేను ఈ సంగతిని కొడుకు వైపు నుంచే ఎప్పుడూ విన్నాను, సత్యం చెప్పడం గురించి అని. ఇప్పుడు తండ్రి వైపు నుంచి వింటున్నాను. నా కూతురు నా చేతికి అలాంటి చీటీ ఇవ్వగలదా?

ఇవ్వలేదు. పోయిన ఏడాది, తొమ్మిదో తరగతిలో, లెక్కల యూనిట్ టెస్టు పేపరు దాచింది. మా ఆవిడకు బ్యాగు అడుగున దొరికింది. 25కి 9. నా నోట్‌బుక్కు పుణ్యమా అని ఆ రోజు అరవలేదు, మర్నాడు సాయంత్రం మేడ మీద ఇద్దరమే ఉన్నప్పుడు ఎందుకు దాచావురా బిడ్డా అని అడిగాను. చాలాసేపు గోడ మీది సున్నం గోళ్ళతో గీకింది. తర్వాత అన్నది, 'నువ్వే అందరికీ చెప్పావు కదా నాన్నా, మా పాపకు లెక్కలంటే నీళ్ళ ప్రాయం అని.'

నేను పొగడ్త అనుకున్నది దాని నెత్తి మీద బరువైంది. 1998లో క్లాడియా ముల్లర్, కారల్ డ్వెక్ అనే ఇద్దరు పరిశోధకులు ఐదో తరగతి పిల్లల మీద చేసిన పని ఒకటుంది. ముందు తేలికైన పజిల్స్ ఇచ్చి, కొందరిని నువ్వు చాలా తెలివైనవాడివి అని, కొందరిని బాగా కష్టపడ్డావు అని మెచ్చుకున్నారు. తర్వాత కష్టమైనవి ఇచ్చారు. తెలివైనవాడివి అనిపించుకున్న పిల్లలు ఓడిపోగానే డీలా పడ్డారు, మళ్ళీ తేలికైనవి ఇచ్చినా మొదటికంటే తక్కువ చేశారు. నన్ను కదిలించింది ఇంకొకటి. మీకెన్ని వచ్చాయో వేరే బడి పిల్లలకు రాయండి అంటే, తెలివి పేరుతో మెచ్చుకున్నవాళ్ళలో పదిలో నలుగురికి దగ్గరగా మార్కులు ఎక్కువ చేసి రాశారు. కష్టపడ్డావు అనిపించుకున్నవాళ్ళలో అలా రాసింది చాలా తక్కువమంది. అది చదివాక మా పాప బ్యాగు అడుగు గుర్తొచ్చింది.

మనం చిన్నప్పుడు బట్టీ పట్టిన శతక పద్యం ఒకటుంది, కొడుకు పుట్టినప్పుడు కాదు, జనం వాణ్ణి చూసి పొగిడినప్పుడే తండ్రికి పుత్రోత్సాహం అని. నేనూ అప్పజెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. ఇప్పుడు దాని గురించి చాలా ఆలోచిస్తాను. నా సంతోషం జనం చేతిలో పెడితే, ఆ జనానికి చూపించడానికి నా బిడ్డ మార్కులు కావాలి. పెళ్ళిళ్ళలో, అన్నాల దగ్గర, 'మీ పాపకెన్ని' అని అడగగానే నా గొంతు ఎందుకు పెరుగుతుందో, తక్కువ వస్తే ఆ పెళ్ళికి పిల్లను ఎందుకు తీసుకెళ్ళబుద్ధి కాదో, అది దానికి అర్థం కాదనుకున్నాను. ఆ రాత్రి రాశాను: నేను నా గొప్ప కోసం పాప లెక్కల గురించి ఊరంతా చెప్పాను. రాసి పాపకు చూపించాను. అది చదివి, నోట్‌బుక్కు మూసి, లెక్కల పుస్తకం తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. ఆ లెక్కలు నాకు రావు, ఇద్దరం కలిసి మొదటి నుంచి మొదలుపెట్టాం. ఇప్పుడు దానికి లెక్కలు పరవాలేదు. ఎన్ని మార్కులో ఇక్కడ చెప్పను, దానికి మాటిచ్చాను.

కొట్టడం గురించి ఒక్క మాట. విద్యా హక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, దాని 17వ సెక్షన్ ప్రకారం బడిలో పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం రెండూ నిషేధం. స్వీడన్ 1979లోనే ఇంట్లో తల్లిదండ్రులు కొట్టడాన్ని కూడా నిషేధించింది. మన దగ్గర ఇంటికి అలాంటి చట్టం లేదు. టీచర్ చెయ్యెత్తితే మనం బడి ముందు ధర్నాకు కూర్చుంటాం, అదే సాయంత్రం ఇంట్లో మన చెయ్యెత్తితే అది పెంపకం. చట్టం వచ్చేదాకా ఆగడం ఎందుకు అని నా అభిప్రాయం.

ఇక్కడున్న తల్లులకు ఒకటి చెప్పాలి. నేను రాస్తున్నానని తెలిసి, నువ్వు కూడా రాయి అని మా ఆవిడకు కొత్త నోట్‌బుక్కు కొనిచ్చాను. నెల రోజులు అది బీరువా మీదే ఉంది. అడిగితే, 'మీకు షిఫ్ట్ ఉంది, దిగే టైము ఉంది, నాకు ఎక్కడుంది' అన్నది. కోపంగా కూడా అనలేదు. నేను ప్రశాంతంగా కూర్చుని నన్ను నేను సరిదిద్దుకుంటున్న ఆ పావుగంటలో ఆమె గిన్నెలు తోముతోంది, మర్నాటి బాక్సులకు కూరగాయలు తరుగుతోంది. నా ఎదుగుదల ఆమె పని మీద నిలబడి ఉంది. ఇప్పుడు రాత్రి గిన్నెలు నావి, నైట్ డ్యూటీ రోజులు తప్ప. ఆమె ఇప్పటికీ రాయదు. ఆ టైములో మేడ మీద నడుస్తుంది, వాళ్ళ అక్కతో ఫోన్ మాట్లాడుతుంది, ఒక్కోసారి ఊరికే కూర్చుంటుంది. అది ఆమె ఇష్టం. తండ్రులు మారాలని సభలు పెట్టుకుంటున్నాం కానీ తల్లి రోజూ ఎన్ని గంటలకు డ్యూటీ దిగుతుందో ముందు లెక్కవేయాలి.

రాయాలనుకునేవాళ్ళకు రెండు మూడు విషయాలు చెప్తాను, నేను పొరపాటు పడి తెలుసుకున్నవి. పిల్లల తప్పులు అందులో రాయొద్దు, ఎప్పుడో వాళ్ళ చేతికి దొరుకుతుంది, వాళ్ళ బాల్యం వాళ్ళకు ఛార్జిషీటులా కనపడకూడదు. మిమ్మల్ని మీరు తిట్టుకుంటూ కూడా రాయొద్దు. కొన్నాళ్ళు 'నేను పనికిరాని తండ్రిని' అని పేజీలు నింపాను, ఆ రోజుల్లో ఇంట్లో ఇంకా ముభావంగా ఉన్నాను, దాని ఫలితం కూడా పిల్లలే పడ్డారు. లాగ్ షీటులో ఫీడర్‌ను ఎవరూ తిట్టరు. నాలుగు రోజులు రాయకపోతే అయిదో రోజు రాయండి, పాత రోజులు ఊహించి నింపొద్దు, మా దగ్గర అది పెద్ద తప్పు.

ఇంకొకటి, ఇది సీరియస్‌గా చెప్తున్నాను. రోజూ చెయ్యెత్తకుండా ఉండలేకపోతున్నా, తాగాకే ఇంటికి వెళ్ళగలుగుతున్నా, నిద్ర పట్టక బతుకు మీదే విసుగు పుడుతున్నా, నోట్‌బుక్కు సరిపోదు. డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. 14416 అని టెలిమానస్ నంబరు ఉంది, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టింది, డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. పిల్లలు ఆపదలో ఉంటే 1098. ఈ రెండు నంబర్లు మా సబ్‌స్టేషన్ గోడ మీద కూడా రాసి పెట్టాను, లైన్‌మన్‌లలో ఒకరిద్దరు ఫోన్‌లో ఎక్కించుకోవడం చూశాను.

నిన్న రాత్రి రాసింది చదివి దిగిపోతాను. రెండేళ్ళు రాశాక ఈయన ఇంట్లో అంతా బాగైపోయిందని మీరు అనుకోకూడదని చదువుతున్నాను.

'శనివారం, 8:20. బాబు సైకిల్ రోడ్డు మీద వదిలేసి లోపలికి వచ్చాడు. నేను వాడి స్నేహితుల ముందు వాణ్ణి బుద్ధిలేని వెధవా అన్నాను. కారణం: రేపు సభలో ఏం మాట్లాడాలా అని సాయంత్రం నుంచి టెన్షన్, మధ్యాహ్నం సరిగ్గా తినలేదు. వాడు అన్నం తినకుండా పడుకున్నాడు. నేను పక్కన కూర్చున్నాను, వాడు నిద్రపోయాడు.'

సప్లై ఇచ్చిన టైము గడి ఖాళీగా ఉంది. పొద్దున వాడు లేవకముందే కుర్చీలు వేయడానికి ఇక్కడికి వచ్చేశాను. వాడు ఇప్పుడు లేచి ఉంటాడు. నేను ఇంటికి వెళ్ళాలి. నమస్కారం.